ఒడిలో ఓనమాలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల విశ్రాంత ఉద్యోగుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని అందులో తేలింది. ఆ రోజును మనం ఏటా జరుపుకుంటున్నాం. ఇటువంటి సభకు కరువు భత్యం బకాయిల సంగతి, ఆరోగ్య కార్డుల సంగతి వినాలని వచ్చిన మీకు రెండేళ్ల పిల్లల అఆల గురించి చెప్పడమేమిటని కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని ఒక్కమాట అడుగుతాను. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక పొద్దంతా ఆ పసివాని దగ్గర ఉండేదెవరు? మీలో సగం మంది ఇవాళ ఈ సభకు రావడానికే ఇంట్లో ఎవరికో ఒకరికి పిల్లవాణ్ణి అప్పగించి వచ్చి ఉంటారు. కాబట్టి ఇది మన సంఘం పనే.

ఇప్పుడు ఇళ్లలో జరుగుతున్నదేమిటంటే, పిల్లవానికి మూడేళ్లు నిండీ నిండకముందే నర్సరీలో వేస్తున్నారు. వాని చేతికి పెన్సిలు, సంచిలో కాపీ పుస్తకం. సాయంత్రం ఇంటికొచ్చి ఒక పేజీ నిండా ‘ఎ’ రాయాలి, ఇంకో పేజీ నిండా ‘అ’ రాయాలి. పిల్లవాడు ఏడుస్తూ ఉంటే తల్లి వాని వేళ్లు పట్టి రాయిస్తుంది. ఒక్కోసారి తాతయ్యే జాలిపడి ఎడమచేత్తో వంకరగా తానే రాసిపెడతాడు. (నవ్వుతున్నవారిలో అట్లా రాసిపెట్టినవారున్నారని నాకు తెలుసు.) మూడేళ్ల పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. పెన్సిలు పట్టుకుని గీత మీద గీత గీయడం ఆ చేతికి మన వయసులో బస్తా మోయడంలాంటిది. అక్షరం మీద ప్రేమ పుట్టకముందే అక్షరమంటే భయం పుడుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

అట్లాగని అక్షరాలను ఐదారేళ్ల దాకా దాచిపెట్టమని నేననను. పసివాడికి అక్షరాలు తొందరగానే పరిచయం కావచ్చు. రెండేళ్లకే కావచ్చు. కాని అవి చేతి గుండా కాకుండా చెవి గుండా, ఒడి గుండా, ఆట గుండా రావాలి. ఇది విదేశాల నుంచి వచ్చిన కొత్త సంగతేమీ కాదు. మన అక్షరాభ్యాసం తీరు చూడండి. బాసరలో చేసినా, ఊరి గుడిలో చేసినా, ఇంట్లోనే చేసుకున్నా పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుంటారు. పళ్లెంలో బియ్యం పోస్తారు. పెద్దవాని వేళ్లలో చిన్నవాని వేలు పెట్టి బియ్యంలో దిద్దిస్తారు. తప్పు పోతే పళ్లెం ఒకసారి ఊపితే చాలు, చెరిగిపోతుంది. ఒడి, స్పర్శ, చెరిపేసుకునే వీలు, మూడూ అందులో ఉన్నాయి. ఆ ఒక్కరోజు అంత బాగా చేసి మర్నాటి నుంచి కాపీ పుస్తకం చేతిలో పెట్టడమే మనం చేస్తున్న వింత. ఇటలీలో 1907లో మరియా మాంటిస్సోరి మొదలుపెట్టిన బాలల గృహంలో పిల్లలు గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలితో దిద్దేవారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి 1946 దాకా ఈ దేశంలోనే ఉండి, మన ఉపాధ్యాయులకు ఆ పద్ధతిని నేర్పారు. బియ్యప్పళ్లెం ఎరిగిన మనకు ఆ గరుకు కాగితం అంత కొత్తేమీ కాదు.

చెవి సంగతి చెబుతాను. మన జనగామ జిల్లాలో బమ్మెర ఉంది, పాలకుర్తి ఉంది. ఒకటి పోతనగారి ఊరని, ఒకటి పాల్కురికి సోమనగారి ఊరని మనకు గర్వం. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరు దాశరథి కృష్ణమాచార్యగారి ఊరు. పోతన గారిది ఒంటిమిట్ట అనేవారితో ఇవాళ నేను తగాదా పెట్టుకోను. నేను చెప్పేదేమంటే, సంతకం చేయడం రాని రైతులు నాగలి దున్నుతూ భాగవత పద్యాలు అప్పజెప్పడం మనలో పెద్ద వయసువారు చెవులారా విన్నారు. వారికి అక్షరం రాలేదు గాని భాష వచ్చింది. అట్లా చెవి నిండిన ఇంట్లో పుట్టిన పిల్లవాడికి అక్షరం చూపిస్తే, అది తనకు ముందే తెలిసిన మాటకు వేసిన బొమ్మలాగా ఉంటుంది. చెవి ఖాళీగా ఉన్న పిల్లవాడికి అదే అక్షరం వట్టి గీత.

పైగా మన తెలుగు అక్షరానికి ఒక సుగుణం ఉంది. ఒక్కో అక్షరం ఒక్కో చప్పట్లో ఇమిడిపోతుంది. ‘తా-త’ రెండు చప్పట్లు, ‘అ-మ్మ’ రెండు, ‘బ-తు-క-మ్మ’ నాలుగు. రెండేళ్ల పిల్ల మీ మోకాళ్ల మీద కూర్చుని మీతో పాటు చప్పట్లు కొడుతూ తన పేరును ముక్కలు చేయగలదు. చదువుకు అదే పునాది. ఇంట్లో ఉన్న వాళ్ల పేర్లన్నీ అట్లా చప్పట్లతో పిలవండి. కుక్కపిల్ల పేరు కూడా. ఎవరి పేరు పొడుగో పిల్లలే తేల్చి చెబుతారు.

ఇంకొకటి గమనించారా? మన వర్ణమాలలో వర్గాక్షరాల వరుస గొంతు దగ్గర ‘క’తో మొదలై పెదవుల దగ్గర ‘ప, ఫ, బ, భ, మ’తో ముగుస్తుంది. శాస్త్రానికి అది ఎంతో అందమైన వరుస. కాని పసివాని నోరు దానికి ఎదురుగా నడుస్తుంది. వానికి మొదట పలికేవి పెదవుల మాటలే. అమ్మ, బాపు, మామ, పాప. ఆ వెంటనే తాత, అత్త. కాబట్టి మొదటి అక్షరాలు వరుసలో ‘అ’ నుంచే రావాలన్న పట్టింపు వద్దు. పిల్లవాని పేరులో మొదటి అక్షరం, అమ్మలో ‘మ్మ’, తాతలో ‘త’. అవే వాని సొంత ఆస్తి. బస్టాండుల్లో గోడకు తగిలించి అమ్మే అక్షరాల పటం మీకు తెలుసు. అమ్మ, ఆవు దాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఋషి వస్తాడు, ‘ౠ’, ‘ఌ’ వస్తాయి. ఝషం వస్తుంది. ఝషమంటే చేప అని ఈ సభలో ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగను. రెండేళ్లవానికి వాటితో పనిలేదు.

అక్షరాల విషయంలో తొందర ఎందుకు కూడదో లెక్క కూడా ఉంది. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు. మనకు గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి నేర్చుకునే పిల్లల మీద సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ అక్షర రూపాలు పూర్తిగా పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా సాగుతోందని అందులో తేలింది. పక్కింటి పాప ఏబీసీడీలు చెప్పేసింది, మా వాడికింకా గుణింతం రాలేదని కంగారుపడే కోడళ్లకు ఈ మాట చెప్పండి. మన పిల్లవాడు మొద్దు కాదు, ఎక్కుతున్న మెట్లే ఎక్కువ.

ఆ మెట్లను చూపించడానికి నాకు మన మూడు జిల్లాల పేర్లకు మించిన వాచకం కనబడలేదు. 2016 అక్టోబరు 11న వరంగల్లు నుంచి విడదీసి ఈ జిల్లాలు చేశారు. ఆఫీసులు మారాయని మనం విసుక్కున్నాం గాని పిల్లలకు మంచి పాఠం తయారైంది. ఆర్టీసీ బస్సు నుదుటి మీద బోర్డు చూడండి. ‘జనగామ’. జ, న, గా, మ. ఒక్క దీర్ఘం తప్ప అన్నీ విడి అక్షరాలు. ‘మహబూబాబాద్’. జనగామలో చివర ఉన్న ‘మ’ ఇక్కడ ముందుకు వచ్చింది. ఒకే ‘బ’ కొమ్ముదీర్ఘంతో ‘బూ’ అయింది, దీర్ఘంతో రెండుసార్లు ‘బా’ అయింది. చివర పొల్లు. ‘భూపాలపల్లి’. ఇందాకటి ‘బూ’కు ఒత్తు తగిలి ‘భూ’ అయింది. ‘పా’, ‘ప’ రెండూ ఉన్నాయి. ‘ల’ ఒంటరిగా ఒకసారి, గుడి, ఒత్తు వేసుకుని ‘ల్లి’గా ఇంకోసారి వచ్చింది. గుణింతమంటే ఏమిటో, ఒత్తంటే ఏమిటో ఐదారేళ్లవానికి చెప్పడానికి ఈ మూడు బోర్డులు చాలు. రెండు మూడేళ్లవానికైతే మొదటి అక్షరం చాలు. జనగామ, మానుకోట వారికి రైల్వే స్టేషన్ పచ్చబోర్డు కూడా ఉంది. భూపాలపల్లివారికి రైలు లేదు, బస్సు బోర్డుతోనే సరిపెట్టుకోవాలి.

ఇది ఊరికే చెప్పడం లేదు. మా వీధిలో ఆర్టీసీలో కండక్టరుగా పదవీ విరమణ చేసిన మిత్రుడొకాయన ఉన్నారు. అలవాటు పోక సాయంత్రం బస్టాండుకు వెళ్లేవారు, చంకలో మనుమరాలు. వచ్చిన ప్రతి బస్సు బోర్డు మీద వేలు చూపించి పేరు చదివేవారు. ఆయన పాఠం చెప్పాలనుకోలేదు, చేతులూరుకోక చదివారు. ఆ పాపకు మూడేళ్లప్పుడు ఒకరోజు బజారులో ‘జనరల్ స్టోర్స్’ అన్న బోర్డు ముందు ఆగిపోయి, ‘తాతా, జనగామ బస్సు!’ అన్నది. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ‘అవును బిడ్డా, జనగామలో ‘జన’, ఇక్కడ కూడా ‘జన’. ఎట్ల కనిపెట్టినవ్?’ అన్నారు. ఆ క్షణంలో ఆ పాపకు అక్షరం బస్సు నుంచి విడివడి తన కాళ్ల మీద తాను నిలబడింది. అది తప్పు అని ఆయన కొట్టిపారేసి ఉంటే ఏమయ్యేదో మనందరికీ తెలుసు.

ఇక కలిసి చదవడం గురించి. ఇందులో మనకు ఎవరూ సాటిరారు, ఎందుకంటే మనకు సమయముంది. పైగా శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకు పిల్లల పుస్తకాల పెద్దక్షరాలు ఎంతో సుఖం. పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని, పుస్తకం ఇద్దరికీ కనబడేట్టు పట్టుకోవాలి. ఏడాదివాడు పుస్తకాన్ని నోట్లో పెట్టుకుంటాడు. పెట్టుకోనివ్వండి, అట్ట గట్టి పుస్తకం ఇవ్వండి. ఏడాదిన్నరవాడు బొమ్మ మీద వేలు పెడతాడు. రెండేళ్లవాడు పేజీ తిప్పుతాడు, సాధారణంగా మనం చదవడం పూర్తికాకముందే. చదివిన కథే మళ్లీ చదవమంటాడు. ఇరవయ్యోసారి చదవడం మనకు విసుగే. వానికి మాత్రం ఇరవయ్యోసారికే కథ సొంతమవుతుంది. ఆ తర్వాత తానే పుస్తకం పట్టుకుని, తలకిందులుగానైనా సరే, మొత్తం ‘చదివేస్తాడు’. అది నటన అనుకోకండి. చదువు అక్కడే మొదలైంది.

చదువుతూ ఆగి అడగాలి. ‘ఇదేంది?’ అని కాదు. ‘పిల్లి ఎందుకు దాక్కున్నది? ఇప్పుడేం చేస్తది?’ అని. అమెరికాలో వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన ఒక ప్రయోగముంది. దాదాపు రెండు, మూడేళ్ల మధ్య పిల్లల తల్లిదండ్రులకు ఈ అడిగే పద్ధతి నేర్పారు. అంతకన్నా ఏమీ చేయలేదు. ఒక్క నెల గడిచేసరికి ఆ పిల్లలు మాటల్లో, తమ ఇష్టం వచ్చినట్టు చదివి వినిపించిన ఇళ్ల పిల్లల కన్నా ముందున్నారు. తొమ్మిది నెలల తర్వాత చూసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. అంటే పుస్తకం ఎంత ఖరీదైనదన్నది కాదు, మధ్యలో మన నోటి ప్రశ్న, దానికి వాడిచ్చే జవాబు కోసం ఓపిగ్గా ఆగడం ముఖ్యం. ఆ ఆగడం మనకు కష్టం. ముప్పై ఏళ్లు ఫైళ్లు నడిపినవాళ్లం, జవాబు ఆలస్యమైతే మెమో ఇచ్చే అలవాటు.

పుస్తకాలు లేవంటారేమో. పొద్దున్నే మీ చేతికి వచ్చే దినపత్రిక ఉంది కదా. దాని పేరు ఎంత పెద్ద అక్షరాలో! దాన్ని చదివాక పిల్లవానికిచ్చి, వాని పేరులో మొదటి అక్షరం ఎక్కడెక్కడ ఉందో వెతకమనండి, దొరికినచోటల్లా బొట్టు పెట్టమనండి. మనం పెరిగిన ‘చందమామ’ ఇప్పుడు రావడం లేదు గాని, నేషనల్ బుక్ ట్రస్టు వారి పిల్లల పుస్తకాలు, హైదరాబాదు ‘మంచి పుస్తకం’ వారివి, ప్రథమ్ బుక్స్ వారివి తెలుగులో తక్కువ ధరకే దొరుకుతున్నాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఊరికే చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు.

ఆటల గురించి వేరే చెప్పనక్కర్లేదు, అవన్నీ మీకే ఎక్కువ తెలుసు. ముగ్గు వేస్తున్న అమ్మమ్మ పక్కనే ఇంత పిండి పిల్ల చేతికిస్తే అది తన అక్షరం తాను వేస్తుంది. ఎండాకాలం గోడ మీద తడి గుడ్డతో ‘మ’ రాస్తే, ఆరిపోయేలోపు గుర్తుపట్టాలి. చపాతీ పిండి తాడులా చుట్టి ‘ల’ చేసి కాల్చి తినిపించవచ్చు. చింతగింజలతో అక్షరాలు పేర్చడం బాగుంటుంది, కాని మూడేళ్లలోపు వాళ్లు వాటిని ముక్కులో పెట్టుకుంటారు, మింగుతారు. ఆ వయసువారికి గింజలు వద్దు. ఇంకొక మాట, పిల్ల ఎడమచేత్తో గీస్తే చెయ్యి మార్పించకండి. మన కాలంలో ఆ చేతి మీద పడ్డ దెబ్బలు చాలు.

సెల్‌ఫోనులో అక్షరాల పాటలు ఉన్నాయి కదా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపించడం మంచిది కాదు. రెండు నుంచి నాలుగేళ్లవారికి రోజుకు గంటకు మించకూడదు, ఇంకా తగ్గితే ఇంకా మంచిది. కూర్చునే సమయంలో పెద్దలు కథలు చెప్పడం, చదివి వినిపించడం మేలని కూడా అదే పత్రంలో ఉంది. తెర పాట పాడుతుంది గాని పిల్లవాడు ఏమన్నాడో వినదు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వస్తాను. 2011 జనగణనలో మన మూడు జిల్లాల అక్షరాస్యత అరవై శాతానికి అటూ ఇటూగా ఉంది. అంటే మనలాంటి తాతలు లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మహబూబాబాద్ తండాల్లో ఇంటి భాష లంబాడీ. అడవి వైపు గూడేల్లో కోయ. అక్కడి పిల్లవాడు అంగన్‌వాడీకి వెళ్లి ‘మేక’ బొమ్మ చూస్తాడు. జంతువు తెలుసు, ఆ మాట తెలియదు. కొత్త మాట, కొత్త అక్షరం రెండూ ఒకేసారి మీద పడతాయి. వాని చదువురాని అవ్వ తనకేమీ రాదనుకుని పక్కకు తప్పుకుంటుంది. అది చాలా పెద్ద నష్టం. బొమ్మల పుస్తకం ఆమె ఒడిలో పెట్టి, ఆ బొమ్మలకు తన భాషలోనే శాత్రం చెప్పమనాలి. అవ్వ భాషలో కథలు విన్న పిల్లవాడు తర్వాత తెలుగు అక్షరానికి తొందరగా దగ్గరవుతాడు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు వేసి బహుభాషా విద్య మొదలుపెట్టింది. వాటిలో కోయ, బంజారా కూడా ఉన్నాయి. ఆలోచన సరైనది. ఇంట్లో అవ్వ చెప్పే కథకు మాత్రం ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కిందివి. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచే పిల్లలను చదువు లెక్కలోకి తీసుకుంది. కాని ఒక్క టీచరు వంట, బరువులు తూచడం, రిజిస్టర్లు, ఫోనులో వివరాలు ఎక్కించడం అన్నీ చేసుకుంటూ ఇరవై మంది పిల్లల్లో ఒక్కొక్కరిని ఒడిలో పెట్టుకుని చదవగలదా? ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో 1992లో మూడువందల మంది పసిపిల్లల కుటుంబాలతో ‘బుక్‌స్టార్ట్’ అని మొదలుపెట్టారు. పిల్లవాణ్ణి ఆరోగ్య పరీక్షకు తెచ్చినప్పుడు తల్లి చేతిలో ఒక పుస్తకం పెట్టి పంపేవారు. తర్వాత అది ఆ దేశమంతటా పాకింది. మనకు టీకాల రోజుంది, అంగన్‌వాడీ ఉంది. లేనిది పుస్తకం, ఓ గంట తీరిక ఉన్న మనిషి. తీరిక ఉన్న మనుషులు ఈ హాలు నిండా ఉన్నారు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మన సంఘంలో ఇష్టమున్నవారు తమ ఇంటికి దగ్గరలోని అంగన్‌వాడీకి వారానికొక రోజు, ఒక గంట వెళ్లాలి. ముందుగా టీచరునూ సూపర్‌వైజరునూ అడిగి, వారికి అనువైన రోజే పెట్టుకోవాలి. వెళ్లి తనిఖీ చేయకూడదు. ఇది ముఖ్యంగా తనిఖీ అధికారులుగా పదవీ విరమణ చేసినవారికి చెబుతున్నాను. రిజిస్టరు తెరవవద్దు, కింద చాప మీద కూర్చోండి. మోకాళ్లు సహకరించనివారు కుర్చీ తెప్పించుకోండి. వెంట పది పుస్తకాలున్న సంచి తీసుకెళ్లి, వచ్చే నెల పక్క కేంద్రం సంచితో మార్చుకోవాలి. రెండేళ్లు దాటినా మాట రాని పిల్ల, పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్ల కనబడితే అక్షరాల సంగతి పక్కన పెట్టండి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తుంది. ఆ బిడ్డను వారికి చూపించమని తల్లికి మెల్లగా చెప్పండి, నలుగురి ముందు కాదు.

పేర్లు ఇవ్వదలచినవారి కోసం బయట బల్ల మీద ఒక పుస్తకం పెట్టించాం. పేరు, ఊరు, వెళ్లగల రోజు రాస్తే చాలు, జతపరచవలసిన ధ్రువపత్రాలేమీ లేవు. ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడవలసిన మిత్రుడు ఇప్పటికే రెండుసార్లు గడియారం చూశారు.